గుర్రం కాలు బేరం

బర్మాలోని ఈ యాంగన్ నగరంలో, ఈ రోజుల్లో, మూడు లక్షల చాట్లు, అదే ఇక్కడి రూపాయలు, పోసి పేలని తుపాకీ కొన్న కందిపప్పు వ్యాపారి ఇంకొకరుంటే నాకు చూపించండి. ఉండరు. ఆ ఘనత నాది. అదీ బేరమాడకుండా కొన్నాను. అడిగిన ధరకి అడిగినట్టు నోట్లు చేతిలో పెట్టి, పైగా ఒక దండం కూడా పెట్టి మరీ తెచ్చుకున్నాను. మా నాన్న బతికుంటే కొట్టు అరుగు మీదే గుండె పట్టుకుని కూలబడేవాడు. పప్పుల కొట్లో పుట్టి, తూకంరాళ్ళతో ఆడుకుని పెరిగిన దాన్ని. నాకు మాటలొచ్చిన వరస చెప్తాను: అమ్మ, నాన్న, "తగ్గించు".

మొన్న పొద్దున్నే తమలపాకుల దావ్ ఫోన్ చేసింది. చౌక్తడా పేటలో ఒక పాత మేడ మెట్ల కింద కిళ్ళీలు కట్టే బర్మా ఆవిడ.

"నీ ముసలాయన పోయాడు, అమా," అంది. అమా అంటే ఇక్కడి మాటలో అక్క.

"నా ముసలాయనేమిటి?" అని కసరబోయి ఆగాను. మరి ఎవరి ముసలాయన అనాలి? పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. నాకు చుట్టమూ కాదు. తెలుగువాళ్ళందరికీ ఆయన స్టూడియో మావ. నాకూ అంతే.

ఆ మేడ మూడో అంతస్తులో ఆయన ఫోటో స్టూడియో. ఈ ఊళ్ళో పై అంతస్తుల వాళ్ళు కిటికీలోంచి వీధిలోకి ఒక తాడు వేలాడదీస్తారు. కింది చివర క్లిప్పు, పై చివర చిన్న గంట. పేపరువాడైనా కూరలవాడైనా కింద నిలబడి తాడు లాగితే పైన గంట మోగుతుంది. నేను లాగితే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరొచ్చారని చూడకుండానే, "లచ్చా ఇరవై!" అని అరిచేవాడు. నేను కిందనుంచి, "పది వేలు!" అనేదాన్ని. అప్పుడు గాని చూసేవాడు కాదు. "ఒచ్చినావేటే గుంటా, రా, పైకి రా."

యాభై దాటిన విధవ మనిషిని, నలుగురు పనివాళ్ళని నిలబెట్టి తిట్టేదాన్ని, నన్ను గుంటా అని పిలిచేవాడు ఆయనొక్కడే మిగిలాడు.

వీధిలో వాళ్ళు అనుకునేవాళ్ళు, ఈ కళావాళ్ళు, మన దేశంవాళ్ళని ఇక్కడ అలాగే అంటారు, ఆ పాత కెమెరా కోసం కొట్టుకు చస్తున్నారని. కెమెరా కాదు. మా బేరం గుర్రం కాలు కోసం.

గుర్రం కాలు అంటే చెప్తాను. పాత ఇంగ్లీషు సినిమాల్లో టోపీలు పెట్టుకుని గుర్రాల మీద తిరిగేవాళ్ళు పట్టుకునే రైఫిలు ఉంటుంది కదా, కింద ఉంగరంలాంటి లివరు, దాన్ని కిందికి తోసి పైకి లాగితే టక్-చక్‌మని తూటా ఎక్కుతుంది. ఆ రైఫిలుని ముందు గొట్టం సగానికి కోసి, వెనక భుజానికి ఆనించే మడమ కూడా కోసేస్తే మిగిలే పొట్టి తుపాకీ ఇది. దొరల భాషలో దీన్ని ఆడగుర్రం కాలు అంటారట. ఆయన అలాగే తెలుగు చేసేశాడు. ఆయన దగ్గరున్నది అసలుది కాదు. స్టూడియో బాగా నడిచే రోజుల్లో తన్లిన్ రిఫైనరీలో పనిచేసే మనవాడు, ఫిట్టరు, ఫోటోలు తీయించుకునేవాళ్ళు పట్టుకోడానికని సినిమా పోస్టరు చూసి చేసిచ్చాడట. టేకు కర్ర, ఇనప లివరు. లివరు నిజంగా ఆడుతుంది, చప్పుడు నిజంగా వస్తుంది. గొట్టం మాత్రం గట్టి చెక్క. దాని మూతి దగ్గర కన్నం ఉన్నట్టు కనపడాలని నల్లరంగుతో చుక్క పెట్టారు.

"గుండు పోయే దారే నేదు," అనేవాడు నవ్వుతూ. "అయినా సూడు, ఎవుడికి ఎదురుగా పెట్టినా తల పక్కకి తిప్పుతాడు. బొట్టుకి బయపడతారే మనుషులు."

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది మా ఆయన ఫోటో పెద్దది చేయించడానికి. దండ వేసే ఫోటో. పోయి పన్నెండో రోజో ఏమో. మావ ఆ ఫోటో తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. అయ్యో అనలేదు. "గెడ్డం కొంచెం కిందికి పెట్టుంటే బాగున్ను," అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు రావాలి. రాలేదు. దిక్కులు చూస్తున్నాను. గోడకి మేకు, మేకుకి గుర్రం కాలు. ధర అడక్కపోతే నాకు నాలిక దురద. "అదెంత?" అన్నాను.

"యాబై వేలు."

"ఐదు వేలు."

ఆయన ఫోటో బల్ల మీద పెట్టేశాడు. మేకు మీంచి దాన్ని తీసి, లివరు ఒకసారి ఆడించి, కుర్చీ నా వైపు లాగాడు. "కూకో," అన్నాడు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి వెళ్ళేదాన్ని. ఎన్నేళ్ళు అంటే, ఆయన ధర యాభై వేల నుంచి మూడు లక్షలకి చేరేదాకా. అవును, చేరేదాకా. ఇలాంటి బేరం నేనెక్కడా చూడలేదు. నేను రెండు వేలు పెంచితే ఆయన పది వేలు పెంచేవాడు.

"ఇదేం అన్యాయం మావా? కిందటి వారం లక్షన్నర అన్నారు."

"కిందటి వారం డాలరెంతున్నాదే? ఇయ్యాళ ఎంతున్నాది?"

"మీ టేకు చెక్కకి డాలరుతో ఏం పని?"

"మరి నీ కందిపప్పుకేటి పని?"

ఆ వారమే నేను పప్పు ధర పెంచుంటాను.

వస్తువుని దించితే గాని ధర దిగదని మా నాన్న నేర్పాడు. కాబట్టి నేను దాన్ని దించేదాన్ని. "ఒంటి చేత్తో పట్టుకుంటే మణికట్టు లాగేస్తోంది. రెండు చేతులతో పట్టుకుంటే రైఫిలే కొనుక్కోవచ్చుగా? పోనీ భుజానికి ఆనిద్దామంటే మడమ లేదు. మడమ లేని కాలేమిటి మావా, కుంటి గుర్రమా?"

దానికి ఆయన పొంగిపోయేవాడు. ఎవరైనా తన సరుకుని తిడితే ముఖం వెలిగే వ్యాపారిని అక్కడే చూశాను. లేచి నిలబడి, తొడకి తగిలించుకునే తోలు ఒర కట్టుకుని, చూపించేవాడు.

"ఇంకా సెప్పు. నీకేటి తెల్సు? ఇది కట్టుకుని కుర్సీలో కూకోలేం, ఇదిగో, గుచ్చుతాది. నడిస్తే మోకాలికి కొడతాది. గురి సూద్దామంటే కంటికాడికి రాదు, నడుం కాడినుంచి పేల్చాలి. నడుం కాడినుంచి పేలిస్తే ఎవుడికి తగులుతాది? పక్కింటోడి కోడికి. పిస్తోలు నాగా తేలిక కాదు, రైఫిలు నాగా దూరం పోదు. రెండిట్లోనూ సెడ్డవే వచ్చినాయి దీనికి."

"మరి ఎందుకు కొనాలి?"

అప్పుడు ఒరలోంచి దాన్ని లాగి, లివరు ఉంగరంలో వేళ్ళు పెట్టి, టక్-చక్. ఆ చప్పుడు గదిలో అలా నిలబడేది. పనికిరాని వస్తువు అంత అందంగా చప్పుడు చెయ్యడం నాకు నచ్చేది కాదు. నచ్చేది కాదనే చెప్పేదాన్ని.

"సూడు," అనేవాడు. "పనికొచ్చేదాన్ని ఎవుడైనా కొంటాడే. సేక్కాన్ రేవులో బస్తాలు మోసీవోడు, ఒంటి మీద సొక్కా నేదు, నా టోపీ పెట్టుకుని, ఇది తొడకి కట్టుకుని అద్దంలో సూసుకున్నాడు. అలాగే నిలబడిపోనాడు. 'ఊపిరి బిగించు' అన్నాను. బిగించీసినాడు. ఫోటో తీసీసినాను. అయినా ఊపిరి ఒగ్గడు! ఆడు ఊపిరి ఒగ్గితే మల్లీ బస్తాలు మోసీవోడైపోతాడు. దానికెంత కడతావు సెప్పు."

ఆ ఊపిరి బిగించడం, గడ్డం దించడం ఆయనకి అలవాటైపోయాయి. టీ తెచ్చినవాడి గడ్డాన్ని కూడా రెండు వేళ్ళతో కొంచెం కిందికి నొక్కేవాడు. వాడు తెల్లబోయేవాడు. ఆయన టీ తాగేవాడు.

ఫోన్లు వచ్చాక టోపీ కోసం, గుర్రం కాలు కోసం వచ్చేవాళ్ళు లేరు. చివరి ఏళ్ళలో పాస్‌పోర్టు ఫోటోలు మిగిలాయి. ఊరు విడిచి పోయే పిల్లలు మెట్ల మీద బారులు తీరి ఉండేవాళ్ళు. "నవ్వకూడదంట, సెవులు కనిపించాలంట," అనేవాడు నాతో. "అందరూ సెవులు సూపించి ఎల్లిపోతన్నారు. ఒక్కడూ మల్లీ వచ్చి, ఫోటో బాగున్నాది మావా అని సెప్పడు. ఎలగ సెప్తాడు, ఎల్లిపోనాడు గదా."

ఆ గదిలో చాలా కుర్చీలుండేవి. ఆదివారం పూట రెండే నిండేవి.

తరవాత రోజులు బాగోలేకుండా పోయాయి. మిలటరీవాళ్ళు తుపాకుల కోసం ఇళ్ళు సోదా చేస్తున్నారు, అద్దెకున్నవాళ్ళ గదులు మరీనూ. గుర్రం కాలు ఆకారం చూసి మనిషిని తీసుకుపోతే, అది చెక్క అని చెప్పే లోపలే జరగాల్సింది జరిగిపోతుంది. తమలపాకుల దావ్ నన్ను మెట్ల దగ్గర ఆపి, ఆకుకి సున్నం రాస్తూ, తల ఎత్తకుండా అంది. "పైనున్న ఆ మేకు సంగతి చూడు, అమా. ఆయన నా మాట వినడు. ఆయన్ని తీసుకుపోతే మళ్ళీ తీసుకురారు."

పైకెళ్ళి మొదటిసారి బేరం కాని మాట మాట్లాడాను.

"మావా, దాన్ని నదిలో పడెయ్యండి."

"టేకు గదే. మునుగుతాదేటి? తేలుకుంటా సేక్కాన్ రేవుకెల్లి, అక్కడ అందరికీ నా పేరు సెప్తాది."

"పొయ్యిలో పెట్టండి."

ఆయన లివరు ఆడించలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో కప్పాడు. "పొయ్యిలో ఎట్టమని సెప్పినోళ్ళు మల్లీ ఆదివారం ఎందుకొస్తారు?" అన్నాడు. నాతో కాదు, దాంతో.

నాకు ఆ మాట వినపడింది. అర్థం కాలేదు. నేను తెలివైనదాన్ని కదా, నాకు వేరే ఉపాయం తట్టింది.

మరుసటి ఆదివారం తాడు లాగాను. కిటికీలోంచి తల వచ్చింది. "మూడు లచ్చలు!"

"సరే!" అన్నాను.

తల అలాగే కిటికీలో ఉండిపోయింది. వీధిలో ఎవడో నవ్వాడు. నేను మెట్లెక్కి, సంచీలోంచి నోట్ల కట్టలు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. మా కొట్లో ఆ నెల సరుకు డబ్బు అది. ఆయన ముట్టుకోలేదు. నా ముఖంలోకి చూశాడు, ఫోటో తీసే ముందు చూసినట్టు, ఎక్కడ ఏం తేడా ఉందోనని.

"తగ్గించమనవేటే?" అన్నాడు.

"వద్దు మావా. ఇచ్చెయ్యండి."

"రెండు లచ్చల తొంబై అను."

"వద్దు."

"రెండూ యాబై! నాను ఒప్పుకోను, నువ్వు అను."

"మావా, మీ చేతులు పట్టుకుంటాను, ఇచ్చెయ్యండి."

దండం పెట్టింది అప్పుడే. ఆయన లేచి మేకు మీంచి దాన్ని తీశాడు. పాత లుంగీలో చుట్టి, తాడుతో కట్టి, నా చేతిలో పెట్టాడు. "ఐతే బేరం తెగిపోనాది," అన్నాడు.

మా వ్యాపారుల ఇళ్ళల్లో బేరం తెగింది అంటే శుభవార్త. ధర కుదిరింది, సరుకు మారింది, స్వీటు తెప్పించు అని. పుట్టినప్పటినుంచీ ఆ మాటని అలాగే విన్నాను. తెగడం అంటే తాడు తెగడం కూడా అని, ఆ రోజు ఆయన నోట్లో విన్నా, నాకు తట్టలేదు. నా ధ్యాసంతా ఈ మూటతో ఇల్లెలా చేరాలా అని.

మునక్కాయల కట్ట కొని, మధ్యలో దాన్ని దూర్చాను. రెండు వీధులు దాటేసరికి తనిఖీ. ఒక కుర్రాడు, మీసాలు కూడా సరిగా రాలేదు, భుజాన నిజం తుపాకీ. మునక్కాయలు పక్కకి నెట్టి లుంగీ మూటని వేళ్ళతో నొక్కాడు.

"ఏంటిది?"

ఇన్నేళ్ళుగా దాన్ని ఏమని పిలిచామో అదే బర్మా భాషలో నోట్లోంచి వచ్చేసింది. "గుర్రం కాలు."

కుర్రాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "గుర్రం కాలా? కూరకా?"

"మోకాళ్ళ నొప్పికి, నాయనా. ఎండబెట్టి, అరగదీసి, గంధంలా రాసుకుంటాం."

వాడు ముక్కు మూసుకుని పక్కవాడికి చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. కళావాళ్ళు ఏదైనా రాసుకుంటారు అన్నాడు పక్కవాడు. పొమ్మన్నారు. ఇంటికొచ్చి తలుపేసుకుని, కందిపప్పు బస్తా అడుగున దాన్ని పాతేసి, అప్పుడు ఊపిరి వదిలాను. చూశారా నా తెలివి, ఒక ముసలాయన ప్రాణం కాపాడాను అనుకున్నాను. ఆ సంబరంలో ఈ కథ ఎవరికి చెప్పాలా అని చూస్తే, చెప్పగలిగినవాడు ఆయనొక్కడే.

ఆదివారం వెళ్ళాను. తాడు లాగాను. తల వచ్చింది. ధర లేదు. "పైకి రా అమ్మా," అన్నాడు. గుంటా కాదు, అమ్మా. కుర్చీ చూపించాడు. టీ పోశాడు. గుర్రం కాలు కూర, మోకాళ్ళ మందు కథంతా చెప్పాను. నవ్వాల్సిన చోట నవ్వాడు, మర్యాదగా, పద్దు చెల్లిన గిరాకీతో నవ్వినట్టు. తరవాత ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. ఇన్నేళ్ళలో మేము ఆయన ఊరు గురించి గాని, మా ఆయన గురించి గాని, ఒంటరిగా ఎలా ఉంటున్నారని గాని ఒక్క మాట అనుకోలేదు. ధర గురించే అరుచుకున్నాం. అందులోనే అన్నీ అయిపోయేవి కాబోలు. ఖాళీ మేకు వైపు ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

ఇంకో రెండు మూడు ఆదివారాలు వెళ్ళుంటాను. తరవాత వానలన్నాను. తరవాత కొట్లో లెక్కలన్నాను. ఆయన క్షేమంగా ఉన్నాడు కదా, దానికేగా మూడు లక్షలు పోసింది అన్నాను.

ఒకసారి ఆయనే ఫోన్ చేశాడు. ఎప్పుడూ చెయ్యడు.

"ఆదివారం రావేటే?"

"ఏం పని మావా?"

"పనేటీ నేదు. గుర్రానికి ఇంకో కాలొచ్చినాది గదా."

ఆయనకి కీళ్ళ నొప్పులు. చేతికర్ర కొనుక్కున్నాడేమో, దాని మీద హాస్యమనుకున్నాను. కొట్లో గిరాకీలున్నారు. "అయితే పరిగెత్తండి మావా," అన్నాను. నవ్వి పెట్టేశాను.

మొన్న ఆ ఫోన్ రాగానే వెళ్తే దావ్ తాళంచెవి నా చేతిలో పెట్టింది. అంతా అయిపోయింది, దహనం గుడివాళ్ళు చూశారు, వెళ్ళి ఏమైనా కావాలంటే తెచ్చుకో అంది. అలవాటు కొద్దీ ముందు తాడు లాగాను. గంట మోగింది. బాగానే మోగింది.

గదిలో కుర్చీలన్నీ గోడకి చేర్చి ఉన్నాయి. రెండు మాత్రం మధ్యలో ఉన్నాయి. మేకుకి గుర్రం కాలు వేలాడుతోంది.

నాది బస్తా అడుగునే ఉంది. ఇది వేరే. ప్లైవుడ్డు. కోత వంకర. లివరుకి బదులు సైకిలు బ్రేకు బిగించారు, అది లాగితే ఆడదు, కిర్రుమంటుంది. మూతి దగ్గర నల్లచుక్క మాత్రం చక్కగా, గుండ్రంగా ఉంది. అది ఆయన చెయ్యే.

దావ్ గుమ్మంలో నిలబడి చెప్పింది. సందు చివరి వడ్రంగి చేశాడట. వాడు అడిగినంతా ముసలాయన ఇచ్చాడట, నా డబ్బులోంచే. "నేను తిట్టాను, అమా. మళ్ళీ ఎందుకు ఈ కొరివి, నీకు పిచ్చా అన్నాను. నా గిరాకీ వస్తుంది అన్నాడు. ఆదివారం అయితే కిటికీ దగ్గర కూర్చునేవాడు. తాడు ఎవరు లాగినా తల బయటపెట్టి ఏదో అరిచేవాడు. కూరలవాడు దడుచుకున్నాడు పాపం."

"ఏమని అరిచేవాడు?"

"మీ భాష నాకేం తెలుసు? ఆరు అన్నట్టుంది. ఆరు ఏదో."

"దీనికెంత?" అన్నాను దాన్ని మేకు మీంచి తీస్తూ. నోరు ఊరుకోదు కదా. ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఎవరికిస్తావు? ఊరికే తీసుకుపో. ఇక్కడుంటే మాకు ముప్పు."

బిల్లు ఇక నేనే వేసుకోవాలి. మొదటి గుర్రం కాలు, అడిగింది మూడు లక్షలు, ఇచ్చింది మూడు లక్షలు, తగ్గింపు లేదు. రెండోది ఊరికే వచ్చింది, నా వంశంలో ఊరికే వచ్చిన సరుకు అదొక్కటే. అది ఐదు వేలు కూడా చెయ్యదు, నేను మూడు వేల దగ్గర మొదలుపెట్టేదాన్ని. ఆయన ఆరు లక్షలు అని అరిచేవాడు. మడమ లేదని, బ్రేకు కిర్రుమంటోందని, వడ్రంగి ముంచాడని నేను దించుతుంటే, డాలరు పెరిగిందని, బంగారం పెరిగిందని ఆయన ఎక్కిస్తుంటే, ఇద్దరం ఎంత తొందరపడినా ఆ బేరం ఇంకో నాలుగేళ్ళ దాకా తెగేది కాదు.